రెండడుగుల తేడా

టీట్ మేస్త్రి టేపు చుట్టేసి
మళ్ళీ విప్పాడు.
బయట గోడ ఇరవై ఎనిమిది అడుగులు.
లోపల వంటిల్లు, మగ్గం గది, మధ్యలో ఇటుక పొయ్యి,
దుంగల మందం, అన్నీ కలిపినా ఇరవై ఆరే.
"మీ ఇల్లు రెండడుగులు అబద్ధమాడుతోంది" అన్నాడు
చెవి వెనక పెన్సిల్ సర్దుకుంటూ.

హీయుమా ద్వీపంలో మే నెల.
కిటికీలకి ఇంకా రంగు పడలేదు.
మర్గుస్ అన్నయ్య గీసిన ప్లానులో
అక్కడికి స్నానాల గది రావాలి.
తెల్ల టైల్స్ ఓడలో వచ్చేశాయి కూడా.
పురుగు పట్టిన దుంగలెన్నో లెక్కేసుకుంటూ
నేను.
మనుషుల లెక్క ఒకటుంటుందని తట్టలేదు.

పొయ్యి వెనక చెక్క ఊడదీస్తే
ముందు చీకటి బయటికొచ్చింది.
తర్వాత వాసన:
తారు, తడిసి ఆరిన ఉన్ని, ఎప్పటివో ఆపిల్ తొక్కలు.
ఆ తర్వాత ఒక పీట.
మనిషి కూర్చోగలడు, కాళ్ళు చాపుకోలేడు.
సొట్టపడ్డ తగరపు గ్లాసు.
మడమ మూడుసార్లు తిరగ అల్లిన
ఒంటి మేజోడు.
ఆ అల్లిక నాకు తెలుసు.
ఎనిమిది కొనల నక్షత్రం, అందులో ఒక కొన ఎప్పుడూ పొట్టి,
అమ్మమ్మ చెయ్యి.

దుంగ మీద గోటి గీతలు, వరసలు వరసలుగా.
టీట్ లెక్కపెట్టడం మొదలెట్టి
నాలుగొందల దగ్గర ఆగి
టోపీ తీశాడు.

మా చర్చి తోటలో ఒక రాయుంది.
ఏవల్డ్, అమ్మమ్మ తమ్ముడు.
నలభై తొమ్మిదిలో స్వీడన్ వైపు పడవెక్కి
నీళ్ళలో కలిసిపోయినవాడు.
ఏటా నవంబరులో కొవ్వొత్తి పట్టుకెళ్ళి
గాలికి అరచెయ్యి అడ్డం పెట్టి వెలిగించేవాళ్ళం.
ఉత్త మట్టికి
అన్నేళ్ళ వెలుగు.

అమ్మమ్మ పాటగత్తె. ఊరంతా అదే మాట.
ఆమె మగ్గం మీద కూర్చుంటే
గస్తీ తిరిగే సైనికులు కూడా
కంచె దగ్గర కాసేపు నిలబడేవారట.
ఉన్నట్టుండి గొంతు పెంచేదట,
పాటకి అక్కర్లేని చోట.
అది ఆమె బాణీ అనుకున్నారు.
ఆమె పోయినప్పుడు బృందగానంవాళ్ళు
అచ్చం అలాగే, అక్కడక్కడా గొంతు పెంచి
పాడి మరీ సాగనంపారు.

గోడలకి చెవులుంటాయని
లోకమంతా గుసగుసలాడుకున్న కాలంలో
మా గోడకి
ఊపిరితిత్తులుండేవి.

మధ్యాహ్నం బస్సులో అమ్మ వచ్చింది.
డెబ్భై ఎనిమిదేళ్ళు, మోకాలికి పట్టీ.
లోపలికి తొంగి చూడలేదు.
పీటనీ గ్లాసునీ చూపిస్తానన్నా రాలేదు.
వంటింట్లో, తొట్టి పక్కన, ఒక పలక మీద
కొలిచినట్టు నిలబడి అంది:
"నువ్వు వెళ్ళు. చెక్క మూసుకో.
ఒకసారి దగ్గు."

మొదటిది దొంగ దగ్గు.
రెండోది దుమ్ముకి నిజంగానే వచ్చింది.
మోకాళ్ళు ఎదుటి దుంగకి ఆనుతున్నాయి,
గీతలు వీపుకి తెలుస్తున్నాయి.

బయటికొచ్చేసరికి
అమ్మ కోటు గుండీ పెట్టుకుంటోంది, తీస్తోంది, పెట్టుకుంటోంది.
"అదే" అంది. "అక్కణ్ణించే."

"నీకు తెలుసా?" అన్నాడు మర్గుస్.

"ఇంటికి జలుబు చేసిందని చెప్పింది అమ్మ.
ఎవరితోనూ అనకు, ఇల్లు సిగ్గుపడుతుంది అంది.
అనలేదు.
నాకు తొమ్మిదేళ్ళప్పుడు, దుంపలు తవ్వే వారంలో,
ఇంటికి నయమైపోయిందంది.
ఆ తర్వాత తను
ఇక పాడలేదు."

టీట్ తాపీని కడిగి
తుడిచి
మళ్ళీ కడిగాడు.
మర్గుస్ కిటికీలోంచి
దుంపల చేను వైపు చూస్తూ ఉండిపోయాడు.
ఇప్పుడక్కడ నడుం ఎత్తు గడ్డి.

టైల్స్ తిరిగి పంపడానికి
శుక్రవారం దాకే గడువు.